గాలికి లెక్క కట్టిన ఆచార్యుడు

చెన్నపట్టణమున పుట్టి కెనడాలో స్థిరపడి, ఆకాశహర్మ్యములు పెనుగాలికి ఎట్లు తాళవలెనో లోకమునకు నేర్పిన అలాన్ డావెన్‌పోర్టు జీవితకృషి. అది మన తీరపు ఇండ్లకు చెప్పు మాట.

ఎత్తైన కట్టడములను చూచినప్పుడు మనకు మొదట తోచునది వాని బరువు. ఇంత ఉక్కు, ఇంత సిమెంటు, ఇన్ని అంతస్తులు, ఇందఱు మనుష్యులు ఒక్కచోట నిలిచియుండగా క్రిందనున్న నేల ఎట్లు ఓర్చుచున్నదో యని విస్మయపడుదుము. ఇంజనీరునకు మాత్రము బరువు చిరపరిచితమైనది. అది ఎల్లప్పుడును క్రిందికే లాగును, నేటికిని రేపటికిని మారదు, కాగితముపై కూడికలతో తేలిపోవును. గాలి యట్టిది కాదు. అది ఏ దిక్కునుండి వచ్చునో, ఒక్క నిమిషములో ఎన్నిమారులు హెచ్చి ఎన్నిమారులు తగ్గునో, ప్రక్కనున్న మేడను దాటివచ్చునప్పుడు ఎన్ని సుడులు తిరుగునో లెక్క కట్టి చెప్పగలవారు ఇరువదవ శతాబ్దపు నడిమివఱకును మిక్కిలి అరుదు. అట్టి గాలిని పట్టి, దాని చాంచల్యమునకు గణితమున ఒక రూపము కల్పించి, ఆ రూపమును దేశదేశముల నిర్మాణ నియమావళులలో ప్రవేశపెట్టిన వారిలో అగ్రగణ్యుడు ఆచార్య అలాన్ గార్నెట్ డావెన్‌పోర్టు.

ఆయన 1932 సెప్టెంబరు 19వ తేదీన చెన్నపట్టణమున జన్మించెను. పాఠశాలవిద్య దక్షిణాఫ్రికాలోను, ఇంజనీరింగు విద్య ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోను, పిమ్మట కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయములోను సాగెను. మరల ఇంగ్లండునకు పోయి, కట్టడముల భద్రతను గూర్చి గాఢముగా చింతించిన ఆల్‌ఫ్రెడ్ పగ్‌స్లీ యున్న బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున 1961లో డాక్టరేటు పొందెను. ఆ సంవత్సరముననే కెనడాలోని ఆంటేరియో రాష్ట్రమున, లండను అను పేరే గల ఒక చిన్న నగరములో, వెస్టర్న్ ఆంటేరియో విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగా చేరి, 2009 జులై 19న కన్నుమూయువఱకును ఆ విద్యాసంస్థతో సంబంధమును విడువలేదు. బంగాళాఖాతపు టొడ్డున పుట్టినవాడు గాలిశాస్త్రమునకు ఆద్యులలో ఒకడగుట కేవలము కాకతాళీయము. ఐనను ఏటేట తుఫానుల దెబ్బతినుచున్న మనము ఆయన కృషిని తెలిసికొనుటకు ఆ కాకతాళీయము మంచి సాకే యగును.

టే నది నుండి టకోమా వఱకు

గాలిని గూర్చిన భయము ఇంజనీర్లకు క్రొత్తది కాదు. 1879 డిసెంబరు 28వ తేదీ రాత్రి స్కాట్లండులో టే నదిపైనున్న వంతెన పెనుగాలిలో కూలి, దానిపై పోవుచున్న రైలుబండి ప్రయాణికులతో సహా నీటిపాలైనప్పుడు, వంతెన రూపకల్పనలో గాలి ఒత్తిడిని తగినంతగా పరిగణింపలేదని విచారణలో తేలెను. అటుపిమ్మట ప్రతి వంతెనకును చదరపు అడుగునకు ఇన్ని పౌనులని గాలి ఒత్తిడికి ఒక సంఖ్య వేసికొని లెక్క కట్టు ఆచారము బలపడెను. ఫ్రెంచి ఇంజనీరు ఐఫెల్ తన గోపురము మీదినుండి పలకలను జారవిడిచి గాలి నిరోధమును కొలిచి, 1909లో ఆ గోపుర పాదముననే ఒక గాలిసొరంగమును కట్టించి ప్రయోగములు చేసెను. ఇంత శ్రద్ధకును మూలమున ఒక ఊహ మిగిలియే యుండెను: గాలి ఒకే బలముతో, ఒకే తీరున, కట్టడమును అదుముచు నిలుచునని.

ఆ ఊహను 1940 నవంబరు 7వ తేదీ తునాతునకలు చేసెను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమున టకోమా జలసంధిపై కట్టిన వేలాడు వంతెన ఆ జులై 1న తెఱవబడినది. నడిమి వారధి పొడవు 853 మీటర్లు. నిశ్చలమైన ఒత్తిడిగా లెక్కించినచో అది ఎంతో పెద్ద గాలికైనను తాళవలసినది. కాని గంటకు సుమారు 68 కిలోమీటర్ల గాలిలో, మన కోస్తా రైతు పెనుగాలి యనుటకైనను సందేహించు గాలిలో, దాని బాట ఒక ప్రక్క లేచుచు ఒక ప్రక్క దిగుచు మెలికలు తిరిగి, తుదకు తెగి నీటిలో కూలెను. వంతెన కదలికయే గాలినుండి మరింత శక్తిని తనలోనికి లాగికొనుచు, ఆ శక్తితో మరింత కదలుచు పోయినది. ఆ దృశ్యము చలనచిత్రముగా నిలిచిపోవుటచే నేటికిని ప్రతి ఇంజనీరింగు విద్యార్థియు దానిని చూచుచున్నాడు. కట్టడము కదలును, ఆ కదలిక గాలితో మాటలాడును అను సత్యమును లోకము అంత భారమైన మూల్యము చెల్లించి నేర్చికొనెను.

నేల గరుకుదనము

విమానముల కొఱకు కట్టిన గాలిసొరంగములు అప్పటికే పలుచోట్ల నుండెను. విమానము పోవునది నేలకు దూరముగా, ఇంచుమించు నిర్మలమైన ప్రవాహములో. కావున ఆ సొరంగములలో గాలి వీలైనంత నున్నగా ప్రవహించునట్లు చేయుటయే నేర్పరితనము. కట్టడములు ఉండునది నేలపై. నేలను రాచికొనుచు వచ్చు గాలి చెట్లచేతను, ఇండ్లచేతను, గట్లచేతను నిరోధింపబడి మందగించి, కల్లోలితమై, విసురులు విసురులుగా వచ్చును. ఈ కల్లోలితమైన పొరను ఇంజనీర్లు బౌండరీ లేయరందురు. 1950లలో డెన్మార్కునందు మార్టిన్ యెన్‌సెన్ పొలముల గట్లపై పెంచు చెట్లవరుసలు గాలినెట్లు ఆపునో పరిశీలించుచు, సొరంగపు నేలను గరుకుగా చేయనిదే నమూనాపై కొలిచిన ఒత్తిడి బయటి ఇంటిపై కొలిచిన ఒత్తిడితో సరిపోలదని నిరూపించెను. ఇంతటి ముఖ్యమైన సత్యము మహానగరముల మేడలనుండి గాక పొలముగట్లనుండి వచ్చుట నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయము.

డావెన్‌పోర్టు ఈ నేల గరుకుదనమునకు అంకెలు కూర్చెను. బయలు మైదానముపై గాలి ఎత్తుతోపాటు త్వరగా పుంజుకొని, సుమారు 270 మీటర్ల ఎత్తున నేల ప్రభావమునుండి విడివడును. చెట్లును చిన్న ఇండ్లును గల శివారులలో దానికి సుమారు 400 మీటర్లు కావలెను. మహానగరము నడుమనైనచో 500 మీటర్లు దాటవలెను. ఎత్తుతోపాటు వేగము హెచ్చు తీరును తెలుపు ఘాతాంకమును ఆయన బయలునకు 0.16, శివారులకు 0.28, నగరమధ్యమునకు 0.40 అని నిర్ణయించెను. దీని భావము సామాన్యభాషలో ఇది: ఒకే తుఫాను ఒకే రాత్రి వీచినను, సముద్రపుటొడ్డున బయలున నున్న ఇంటికిని పట్టణము నడుమనున్న ఇంటికిని తగులు గాలి ఒకటి కాదు. పట్టణపు గాలి సగటున మందము, కాని విసురులలో మొండిది. బయలునందలి గాలి సగటుననే తీవ్రము. మన దేశపు నియమావళి నేలను నాలుగు తరగతులుగా విభజించి లెక్క కట్టుమనుట ఈ దృష్టి నుండి వచ్చినదే.

విసురుల లెక్క

1961లో ఇంగ్లండునందలి సివిల్ ఇంజనీర్ల సంస్థ పత్రికలో డావెన్‌పోర్టు ఒక వ్యాసము ప్రకటించెను. గాలి కట్టడములపై మోపు భారమునకు సాంఖ్యకశాస్త్ర భావనలను అనువర్తించుట దాని విషయము. ఇరువదితొమ్మిదేండ్లు నిండకముందే వ్రాసిన ఈ వ్యాసమును ఈ శాస్త్రమునకు పునాదిరాళ్లలో ఒకటిగా ఎంచుదురు. ఏ క్షణమున ఏ విసురు వచ్చునో ఎవ్వరును చెప్పలేరు. కాని గంటసేపు వీచిన గాలిలో నెమ్మదియైన విసురుల పాలెంత, వడిగల విసురుల పాలెంత, అవి ఎంత విశాలముగా వ్యాపించి వచ్చునో చెప్పవచ్చును. గాలిలోని శక్తి ఇట్లు వేర్వేఱు లయలకు పంచుకొనియున్న తీరును చూపు వక్రరేఖను స్పెక్ట్రమందురు. డావెన్‌పోర్టు పలుచోట్ల కొలిచిన గాలులనుండి అట్టి రేఖ నొకదానిని రూపొందించెను, అది ఆయన పేరనే ప్రసిద్ధమైనది. ఒక్కొక్క విసురును వెంటాడుట మాని విసురుల సమూహమును పట్టుకొనుటలోనే ఆయన ప్రతిభ యంతయు కలదు.

ఈ రేఖయందు గాలిశక్తి యధికభాగము నెమ్మదియైన విసురులలో, నిమిషమునకు ఒకటి రెండుసార్లు వచ్చు విసురులలో, కూడియుండును. వేగముగా వచ్చు చిన్న విసురులలో శక్తి తక్కువ. ప్రతి భవనమునకును తనదైన ఊగిసలాట లయ యొకటి కలదు: అంతస్తుల సంఖ్యను పదిచే భాగించినచో వచ్చునది ఇంచుమించు ఆ ఊపునకు పట్టు సెకనులు. పది అంతస్తుల ఇల్లు సెకనునకొకమారు కంపించును. గాలిలో ఆ లయకు అనుగుణమైన శక్తి స్వల్పము. నూటపది అంతస్తుల గోపురమునకు ఒక ఊపునకు పదునొకండు సెకనులు పట్టును. ఆ లయకు గాలిలో శక్తి మెండుగా సమకూడియుండును. ఊయలను దాని లయ తెలిసి మెల్లగా తోసినవాడు గట్టిగా లయతప్పి తోసినవానికంటె ఎత్తునకు ఊపును, గాలియు అట్లే. భవనము ఎత్తు పెరిగిన కొలది గాలి బలము కొంత పెరుగును, గాలి లయకు భవనము లొంగుట అంతకంటె త్వరగా పెరుగును.

1967లో ఆయన ఈ గణితమునంతయు ఇంజనీరు బల్లపై వాడుకొనదగిన ఒక్క గుణకముగా కుదించెను. గంటసేపటి సగటు గాలి భారమును ఎంతచే గుణించినచో విసురులచే కలుగు అత్యధిక ప్రభావము లభించునో తెలుపు ఈ గుణకమునకు గస్ట్ ఫాక్టరని పేరు. అందు రెండు భాగములు కలవు: విసురు వచ్చినప్పుడెల్ల కట్టడము దానికి తలయొగ్గుట ఒకటి, తన లయకు సరిపడిన విసురులచే ఊగిపోవుట రెండవది. కెనడా నియమావళి మొదలుకొని అనేక దేశముల నియమావళులు ఈ పద్ధతిని స్వీకరించినవి. మన దేశపు నియమావళియైన ఐ.ఎస్. 875 మూడవ భాగమున ఎత్తైన, సన్నని కట్టడములకు విధించిన గస్ట్ ఫాక్టరు పద్ధతి ఈ వంశములోనిదే. మహావిద్వాంసులు పలువురు కఠినమైన దానిని కనుగొందురు; కనుగొన్నదానిని సామాన్య ఇంజనీరు చేతికి పనిముట్టుగా ఇచ్చువారు కొందఱే.

సొరంగములోని నగరము

న్యూయార్కులో రెండు జంట గోపురములు, ఒక్కొక్కటి నూటపది అంతస్తులు, 415 మీటర్లకు పైబడిన ఎత్తున, లేపవలెనని సంకల్పించినప్పుడు వాని ఇంజనీరు లెస్లీ రాబర్ట్‌సన్ నియమావళులలోని సంఖ్యలు తన పనికి చాలవని గ్రహించెను. కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్య జాక్ సెర్మాక్ వాతావరణ పరిశోధనల కొఱకు పొడవైన గాలిసొరంగము నొకదానిని నిర్మించియుండెను. 1964లో డావెన్‌పోర్టు, సెర్మాక్ కలిసి, దక్షిణ మాన్‌హట్టన్ పరిసరములతో సహా ఆ గోపురముల నమూనాలను అందుంచి పరీక్షించిరి. సహజమైన గాలిపొరను సొరంగములో పునఃసృష్టించి ఆకాశహర్మ్యమును శోధించుటలో ఇది తొలి మహాప్రయత్నము. ఒక గోపురము నీడలోని కల్లోలము రెండవ గోపురమును ఎట్లు ఊపునో, గాలి వీచు దిక్కునకు అడ్డముగా భవనము ఎంత ఊగునో అప్పుడు తెలియవచ్చినది. ఆ ఊపును అణచుటకై ఒక్కొక్క గోపురమున సుమారు పదివేల డాంపర్లు, అనగా ఊగు శక్తిని వేడిగా మార్చి హరించు జిగురుపొరల పరికరములు, అమర్పబడినవి.

ఈ సందర్భముననే క్రొత్త ప్రశ్న యొకటి తలయెత్తినది. భవనము కూలదు, సరే. కాని ఊగునప్పుడు లోపలి మనుష్యుడు ఓర్చునా? 1965లో ఆరెగాన్ రాష్ట్రమున యూజీను పట్టణములో కంటిపరీక్ష లుచితముగా చేయుదుమని పిలిచి, వచ్చినవారిని ఒక గదిలో కూర్చుండబెట్టి, గోడపై చూపిన త్రిభుజముల ఎత్తును అంచనా వేయుమని అడుగుచు, వారికి తెలియకుండ ఆ గదిని యంత్రములతో మెల్లగా ఊపిరి. ఇంజనీర్లు తలచినదానికంటె చాల తక్కువ కదలికకే జనులు తల తిరుగుచున్నదని లేచిపోయిరి. ఆకాశహర్మ్యముల రూపకల్పనలో మానవుని చెవిలోని సమతౌల్యేంద్రియము ఉక్కు స్తంభముతో సమానమైన ప్రమాణముగా నిలిచినది అప్పటినుండియే.

ఆ సంవత్సరముననే, 1965లో, డావెన్‌పోర్టు తన విశ్వవిద్యాలయమున బౌండరీ లేయర్ విండ్ టన్నెల్ ప్రయోగశాలను స్థాపించెను. కట్టడముల కొఱకే, నేలగాలిని అనుకరించుటకే ఉద్దేశింపబడిన మొదటి సొరంగమది. ఇట్టి సొరంగమున పని జరుగు తీరు దగ్గఱనుండి చూడదగినది. గాలి ప్రవేశించు చోట ముక్కోణపు పలకలు నిలుచును. వాని వెనుక సొరంగపు నేల పొడవునను చిన్నవి పెద్దవి ఘనాకారపు దిమ్మెలు వరుసలు తీర్చియుండును. వానిపై పాకుచు వచ్చునప్పటికి యంత్రపు పంకా వదలిన నున్నని గాలి నగరపు గాలిగా మారిపోవును. చివరనున్న గుండ్రని తిరుగుడుబల్లపై నాలుగు వందలవ వంతుకు తగ్గించిన నగరము: కట్టవలసిన భవనము నడుమ, చుట్టుపట్ల మేడలన్నియు తమ తమ చోట్ల. నడిమి భవనపు గోడలపై సూదిమొనంత రంధ్రములు వందలకొలది. ఒక్కొక్కదాని వెనుక సన్నని గొట్టము ఒత్తిడిని కొలుచు పరికరము వఱకు సాగియుండును. బల్లను పది పది డిగ్రీలుగా త్రిప్పుచు ముప్పదియాఱు దిక్కుల గాలిని చూపుదురు. ఏ గాజు పలక ఏ దిక్కు గాలికి బయటికి పీల్చబడునో, ఏ మూల సుడి నిలుచునో ఈ రంధ్రములే చెప్పవలెను. తరువాతి దశాబ్దములలో షికాగోలోని సియర్స్ టవరు, టొరంటోలోని 553 మీటర్ల సి.ఎన్. టవరు మొదలగునవి ఈ ప్రయోగశాల పరీక్షకు నిలిచినవే. 1983లో డావెన్‌పోర్టు, చాంజ్ అను పరిశోధకుడు కలిసి రూపొందించిన పాదపు త్రాసు పద్ధతి, నమూనా పాదముననే గాలి తాకిడినంతయు అతిసూక్ష్మముగా కొలుచు ఉపాయము, ఈ పనిని నెలలనుండి దినములకు తగ్గించినది.

ఒక జులై నెల ఆందోళన

1978 జులైలో విలియం లెమెష్యూరియర్ అను ప్రఖ్యాత ఇంజనీరు కెనడాలోని ఈ లండనునకు విచ్చేసి డావెన్‌పోర్టును కలిసికొనెను. న్యూయార్కులో అంతకు ముందేడు పూర్తియైన సిటీకార్ప్ భవనము ఆయన రూపొందించినది. 59 అంతస్తులు, 279 మీటర్ల ఎత్తు. ఆ స్థలపు మూలనున్న క్రైస్తవ దేవాలయమునకు చోటు విడువవలసి వచ్చుటచే, భవనమును నాలుగు మూలలపై గాక నాలుగు ప్రక్కల నడుమ నిలిచిన తొమ్మిదంతస్తుల ఎత్తు స్తంభములపై నిలిపిరి. కట్టడము పూర్తియైన పిమ్మట ఆయనకు తెలియవచ్చిన దేమన, కర్ణములుగా నడచు ఉక్కుకమ్ముల అతుకులను వెల్డింగుతో గాక బోల్టులతో బిగించిరి. దానికి తోడు మూలనుండి వీచు గాలికి లెక్క కట్టి చూడగా కొన్ని కమ్ములలో ఒత్తిడి నలువది శాతము హెచ్చుచున్నట్లు తేలెను. భవనమునకు మునుపు సొరంగపరీక్షలు చేసినది డావెన్‌పోర్టు ప్రయోగశాలయే కావున ఆ పాత కొలతలను మరల వెలికితీసిరి. కాగితముపై నలువది శాతమని తోచినది, భవనము ఊగుటను కూడ కలిపినచో అంతకు మించవచ్చునని డావెన్‌పోర్టు చెప్పెను.

ఇట్టి వార్తను దాచిపెట్టు ప్రలోభమునకు లొంగక లెమెష్యూరియర్ యజమానులకు నిజము చెప్పుట, తరువాతి నెలలలో రాత్రివేళల వెల్డర్లు అతుకులపై ఉక్కుపలకలు పరచి అతికించుట, సెప్టెంబరు ఆరంభమున ఎల్లా అను తుఫాను నగరమువైపు బయలుదేరి సముద్రములోనికి మరలిపోవుట, ఈ విషయమంతయు 1995 వఱకు లోకమునకు తెలియకుండుట చరిత్రలో చేరిన సంగతులు. మూలగాలి నిజముగా అంత ప్రమాదకరమా యని ఇటీవల పరిశోధకులు మరల లెక్క కట్టి సందేహించిరి. అది శాస్త్రధర్మమే. కాని ఆ జులైనాడు ఒక ఇంజనీరు తన సందేహమును మోసికొనిపోవుటకు లోకమున తలుపు తట్టదగిన ప్రయోగశాల యొకటి యున్నదను సంగతి నా దృష్టిలో కథయంతటిలోను ముఖ్యమైనది. దశాబ్దమునకు పైగా ఓర్పుతో చేసిన కొలతలు లేకున్నచో ఆ సందేహమునకు సమాధానము చెప్పువారే యుండరు.

అయిదు లంకెలు

డావెన్‌పోర్టు తన బోధననంతటిని ఒక గొలుసుగా చెప్పుచుండెను. మొదటి లంకె ఆ ప్రాంతపు గాలుల స్వభావము. రెండవది చుట్టునున్న నేల. మూడవది కట్టడపు ఆకృతిచే గాలి పొందు మార్పు. నాలుగవది కట్టడపు ఊగిసలాట. అయిదవది, ఎంతవఱకు సహింపవచ్చునను ప్రమాణము. వీనిలో ఏ యొక్కటి బలహీనమైనను మిగిలిన నాలుగింటి సూక్ష్మత వ్యర్థము. 2011లో అంతర్జాతీయ గాలి ఇంజనీరింగు సంఘము ఈ గొలుసునకు ఆయన పేరునే శాశ్వతముగా నిలిపినది.

మొదటి లంకెను బలపరచుటకు ఆయన చేసిన కృషి మనవంటి తుఫాను దేశములకు మిక్కిలి ఉపకరించునది. ఒక తీరపట్టణమును మహాతుఫాను నేరుగా తాకుట ఒక తరమున ఒకటి రెండుమారులు. తాకినప్పుడు గాలిని కొలుచు పరికరమే విరిగిపడుటయు కలదు. అట్టిచోట కట్టడముల లెక్కకు ప్రమాణమైన యాభైయేండ్ల గాలిని దేని యాధారమున నిర్ణయింపవలెను? సముద్రముపై తిరిగిన తుఫానుల మార్గములు, వాని కేంద్రపీడనము, వ్యాసము, నడకవేగము అను వీనినుండి గణనయంత్రమున వేలకొలది కల్పిత తుఫానులను పుట్టించి తీరమునకు నడిపించు పద్ధతిని ఆయన తన సహచరులతో కలిసి 1983లో ప్రకటించి అభివృద్ధిపరచెను. ఇదే సాంఖ్యకదృష్టిని 1969లో మిల్న్ అను శాస్త్రజ్ఞునితో కలిసి కెనడా భూకంపములకును అనువర్తించెను.

జీవితపు చివరి దశాబ్దములలో ఆయన దృష్టి ఆకాశహర్మ్యములనుండి సామాన్య గృహములవైపు మరలినది. విపత్తులచే కలుగు నష్టమును తగ్గించుటకై కెనడాలో నెలకొనిన పరిశోధనసంస్థను రూపొందించుటలో ముందు నిలిచెను. ఆకాశహర్మ్యమునకు ఆచార్యులును సొరంగములును రక్షణగా నుండును. పేదవాని పెంకుటింటికి, రేకుల కొట్టమునకు ఎవ్వరును లేరు. తుఫానులో ముందు ఎగిరిపోవునవి మాత్రము అవే.

మన కప్పుల మాట

గాలి కప్పును క్రిందికి అదుమునని మనవారిలో అనేకులు తలతురు. అది పొరపాటు. వాలు తక్కువైన కప్పు అంచును తాకి పైకి ఎగసిన గాలి కప్పుపై ఒక పీల్పును కలిగించును. మూలలను, అంచులను సుడులు తాకుచోట ఆ పీల్పు మిగిలిన కప్పుపైనున్నదానికంటె ఎంతో హెచ్చు. విశాఖపట్టణము, విజయవాడ, నెల్లూరులకు మన నియమావళి విధించిన మూలవేగము సెకనునకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదునకు 44, కర్నూలునకు 39. బయలు నేలపై 50 మీటర్ల వేగమున గాలి ఒత్తిడి చదరపు మీటరునకు 1500 న్యూటన్లు, ఇంచుమించు నూటయేబది కిలోల బరువు. కప్పు మూలలో పీల్పు అందుకు రెట్టింపు వఱకు పోవచ్చును. ఇనుపరేకు బరువో, చదరపు మీటరునకు ఐదారు కిలోలు. మూడువందల కిలోల పీల్పును ఐదారు కిలోల బరువు ఆపజాలదు. ఆపవలసినది రేకును దూలమునకు పట్టియుంచిన కొక్కెము, దూలమును గోడకు పట్టియుంచిన కమ్మి. ఆ రెండింటిలో ఏది ముందు ఊడునో అదియే డావెన్‌పోర్టు చెప్పిన బలహీనపు లంకె.

గాలి వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగింతలగునను మాటను కూడ మఱువరాదు. ఏటేట వచ్చు ఈదురుగాలికి నిలిచిన కప్పు తుఫానుకును నిలుచునని ధైర్యపడుట ఇందుచేతనే ప్రమాదము. యాభైయేండ్ల గాలి యనగా యాభైయేండ్లకొకమారు తప్పక వచ్చి పోవునదని అర్థము కాదు. ప్రతి సంవత్సరమును నూటికి రెండు పాళ్లు వచ్చు అవకాశము గలదని అర్థము. యాభైయేండ్లు నిలువదలచిన ఇల్లు ఆ గాలిని మించినదానిని ఒక్కమారైనను చవిచూచు సంభావ్యత నూటికి అఱువదినాలుగు.

1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకు పైబడిన ప్రాణములను బలిగొన్నది ప్రధానముగా ఉప్పెన. ఏ కప్పును బిగించినను సముద్రము ఆగదు. ఐనను ఉప్పెననుండి తప్పించుకొని జనులు చేరవలసిన తుఫాను ఆశ్రయము గాలికి నిలువవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతపు వేగముతో విశాఖను తాకినప్పుడు విమానాశ్రయపు కప్పే చీలిపోయినది. మరుసటి సంవత్సరము సవరింపబడిన నియమావళి తూర్పుతీరమునుండి అఱువది కిలోమీటర్లలోపలనున్న ఆసుపత్రులు, పాఠశాలలు, తుఫాను ఆశ్రయములు మొదలగు వానికి గాలివేగమును 1.30 రెట్లు పెంచి లెక్క కట్టవలెనని విధించినది. వేగమున ముప్పది శాతమనగా ఒత్తిడిలో దాదాపు డెబ్బది శాతము. ఇది మంచి విధి. కాని విధి ముద్రితగ్రంథమున నుండును. కొక్కెము మేస్త్రి చేతిలో నుండును. ఈ రెంటి నడుమ దూరమును తగ్గించుటకై మన ఇంజనీరింగు కళాశాలలు చేయవలసిన పని ఎంతయో కలదు. డావెన్‌పోర్టు జన్మించిన చెన్నైలోనే, తరమణిలోని కట్టడముల పరిశోధన కేంద్రమున, బౌండరీ లేయరు గాలిసొరంగము నేడు పనిచేయుచున్నది.

తీరమున ఇల్లు కట్టుకొను పాఠకులకు నా మనవి ఒకటి. కప్పునకు వాడు రేకు మందమును అడిగినంత శ్రద్ధగా దానిని పట్టియుంచు కొక్కెముల సంఖ్యను అడుగుడు. అంచుల వెంటను, నాలుగు మూలలను, వెన్నుగట్టు పొడవునను కొక్కెములను దగ్గఱదగ్గఱగా వేయించుడు. దూలములను గోడలోనికి దిగిన ఇనుపకమ్మితో కట్టించుడు. రెండు వాలుల కప్పునకు మాఱు నాలుగు ప్రక్కలకు వాలు గల కప్పును కట్టగలిగినచో అదియే మేలు. మన తీరమున తుఫానులు ఎక్కువగా వచ్చునది అక్టోబరు, నవంబరు మాసములలో. ఈ పనిని సెప్టెంబరు లోపలనే ముగించుకొనుడు.